గుడ్డు రోజున గంధకం

మా బడికి పై నుంచి అధికారి వస్తున్నాడన్న కబురు మొదట తెలిసేది మరుగుదొడ్లకు. నెలల తరబడి తాళం వేసుకుని ఉండే గదులు ఆ పూట తలుపులు బార్లా తెరుచుకుని ఫినాయిల్ వాసన కొడతాయి. తర్వాత తెలిసేది పూలకుండీలకు. ఎక్కడో వెనక ఎండిపోతున్నవి హెడ్మాస్టరు గది ముందుకు వచ్చి వరసలో నిలబడతాయి. పాఠాలు చెప్పేవాళ్ళకు అందరికంటే ఆఖరున తెలుస్తుంది.

పినపాక దాటాక అడవి మొదలయ్యే చోట ఉంటుంది ఆ బడి. నేను అక్కడ ఫిజికల్ సైన్స్ చెప్పేదాన్ని. సత్తుపల్లి వైపు నుంచి వెళ్ళినదాన్ని కాబట్టి నా మాటల్లో ‘అండి’ ఎక్కువని పిల్లలు చాటుగా నవ్వుకునేవారు. నాకు కోపం త్వరగా వస్తుందని కూడా అనుకునేవారు. అది చాటుగా అనుకోవాల్సిన సంగతేమీ కాదు, నా ముందే అనొచ్చు.

ఈసారి మాత్రం హెడ్మాస్టరు నన్ను ముందే పిలిచి చెప్పాడు. ఆయనను మేమంతా పెద్దసారు అంటాం.

“రేపు సార్ వస్తున్నడు మేడం. ఉత్తగ పాఠం జెప్తే కాదు, ఆక్టివిటీ కనబడాలె. ఫోటో మంచిగ రావాలె. పొగ గిట్ల వచ్చేదైతే ఇంకా మంచిది.”

పొగ వచ్చే విద్య కావాలన్నమాట. తొమ్మిదో తరగతికి అప్పుడు మిశ్రమాలు, సమ్మేళనాల పాఠం నడుస్తోంది. పొగ తెప్పించలేనుగానీ వాసన తెప్పిస్తానన్నాను. ఆయన వాసన మాట వినిపించుకోలేదు. పూలకుండీలకు ఎర్రరంగు వేయించే తొందరలో ఉన్నాడు.

ఆ పాఠం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఇనుప రజను, గంధకం పొడి కలిపితే వచ్చేది మిశ్రమం. పేరుకే కలిసి ఉంటాయి, ఎవరి గుణం వాళ్ళది. అయస్కాంతం చూపిస్తే ఇనుము గంధకాన్ని వదిలేసి లేచి వచ్చేస్తుంది. నీళ్ళు కలిపిన యాసిడ్ పోస్తే హైడ్రోజన్ వస్తుంది. దానికి వాసన లేదు, అగ్గిపుల్ల చూపిస్తే టప్‌మంటుంది. అదే పొడిని ఎర్రగా కణకణలాడేదాకా కాలిస్తే రెండూ ఒకటైపోయి నల్లటి గడ్డ తయారవుతుంది. అది సమ్మేళనం. దాని మీద అదే యాసిడ్ పోస్తే ఇంకో వాయువు వస్తుంది. అచ్చంగా కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఏది కలిసిందో, ఏది ఒకటైందో కంటికంటే ముక్కుకే బాగా తెలుస్తుంది.

మా పిల్లలు ఈ పాఠాన్ని ఏళ్ళుగా ముక్కుతో పని లేకుండానే నేర్చుకుంటున్నారు. కుళ్ళిన గుడ్డు వాసన గల వాయువు ఏది అంటే హైడ్రోజన్ సల్ఫైడ్ అని కళ్ళు మూసుకుని చెబుతారు. ఎదురుగా ఆ వాయువు వస్తే మాత్రం “మేడం, ఎవరో...” అని పక్కవాడి వైపు చూస్తారు.

మా ప్రయోగశాలలో ఎన్నికల పెట్టెలు, కాళ్ళు విరిగిన బెంచీలు, ఒక ఇనప బీరువా ఉన్నాయి. బీరువాలో సైన్స్ కిట్టు ఉంది. వాడకపోతే వస్తువు పాడవదని పెద్దసారు నమ్మకం, అందుకే వచ్చిన రోజునే తాళం వేయించాడు. ఇనుము ఆ నమ్మకాన్ని పట్టించుకోలేదు. డబ్బా మూత తీస్తే లోపల రజను కాదు, తుప్పు ముద్ద ఉంది.

ఆ సాయంత్రం మణుగూరు పోయాను. లేత్ మిషను దుకాణంలో నేల మీద పడ్డ ఇనుప పొట్టు అడిగితే, అతను నన్ను ఎగాదిగా చూసి కవరు నిండా ఎత్తిపోశాడు. దానికి అంటిన నూనె వదలడానికి సర్ఫు పెట్టి మూడు నీళ్ళలో కడిగాను. నా చీరలకు కూడా ఎన్నడూ అంత సేవ చేయలేదు. గంధకానికి పురుగు మందుల దుకాణమే దిక్కు. మిరపతోటలకు బూడిద తెగులు వస్తే చల్లే పొడి ఉంటుంది.

“ఎన్ని ఎకరాలు మేడం?” అన్నాడు దుకాణదారు.

“ఒక్క పీరియడు” అన్నాను.

యాసిడ్ కోసం మాత్రం ఎక్కడికీ తిరగనక్కర్లేకపోయింది. మరుగుదొడ్లు కడగడానికి తెప్పించిన సీసాలు వరండాలోనే ఉన్నాయి. పై అధికారి రాక వల్ల సైన్సుకు జరిగిన మేలు అదొక్కటే.

ఇక్కడ మా వంటామె గురించి చెప్పాలి. గూడెం మనిషి. బడి వెనక రేకుల షెడ్డులో కట్టెల పొయ్యి మీద మధ్యాహ్న భోజనం వండేది. నోరు గట్టిది. పప్పు పలచగా ఉందని పెద్దసారు ఒకసారి అన్నందుకు, “నీళ్ళు బోరుయి, పప్పు సర్కారుది, ఉప్పు నాది. ఉప్పు మంచిగుందా లేదా జెప్పు సారూ” అని నిలదీసింది. ఆయన ఉప్పు బాగుందన్నాడు. అప్పటి నుంచి ఆ షెడ్డు వైపు పోవడం తగ్గించాడు.

బడిలో వండితే వచ్చేది చెప్పుకోదగినదేం కాదు. ఆమె గర్వమంతా వేరే చోట ఉంది. చుట్టుపక్కల గూడేల్లో పెళ్ళయినా, చావయినా, పంట చేతికొచ్చాక చేసుకునే కొత్తల పండుగయినా, పదిమందికీ వండిపెట్టే చెయ్యి ఆమెదే. మొక్కులూ పూజలూ పూజారి చూసుకుంటాడు. బువ్వ మాత్రం ఈమె వండాలి. ఏ గూడెం పెద్దమనిషి వచ్చి పిలిచాడో, ఎన్ని గుండిగలు దించిందో, ఎవరు మళ్ళీ అడిగి వడ్డించుకున్నారో షెడ్డులో కూరగాయలు తరుగుతూ చెప్పేది. ఆ ఏడు కొత్తల పండుగకు కూడా అప్పటికే పిలుపు వచ్చింది. ఆ మాట చెప్పడానికి నా క్లాసు కిటికీ దగ్గరికి వచ్చి, పాఠం ఆపించి మరీ చెప్పింది.

అధికారి వచ్చిన రోజు గుడ్డు రోజు. టైంటేబుల్ వేసింది నేను కాదు, గుడ్డు ఏ రోజు పెట్టాలో రాసింది నేను కాదు, గాలిని షెడ్డు వైపు తోలింది కూడా నేను కాదు. ఈ మూడు మాటలూ నేను తర్వాత చాలామందికి చెప్పాను, ఒక్కరి దగ్గరా పనికి రాలేదు.

భోజనం బెల్లుకు ముందు పీరియడులో ప్రయోగం మొదలుపెట్టాను. మిశ్రమం మీద యాసిడ్ పోసి, మూతి దగ్గర అగ్గిపుల్ల పెడితే టప్‌మంది. వెనక బెంచీలు కూడా మేలుకున్నాయి. పొద్దున్నే కాల్చి చల్లార్చి ఉంచిన నల్లటి గడ్డను నూరి, దాని మీద యాసిడ్ పోశాను. ఇక చూడాలి. ముందు బెంచీ ఆడపిల్లలు చున్నీలు ముక్కులకు చుట్టుకున్నారు. మగపిల్లలు ఆనందంతో ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు. పుస్తకంలో చదివింది కళ్ళ ముందు, కాదు, ముక్కు ముందు జరగడం వాళ్ళకు అదే మొదలు. కిటికీలన్నీ తీయించాను. ప్రమాదం లేకుండా చూసుకోవడం నా ధర్మం కదా. ఆ కిటికీలు తెరుచుకునేది వంట షెడ్డు వైపు.

సరిగ్గా అప్పుడే బడి ముందు బొలేరో ఆగింది. ఎక్కడో ఒక హాస్టల్లో పిల్లలు వాంతులు చేసుకున్నారన్న వార్త వారం వారం ఫోన్లలో తిరుగుతున్న రోజులవి. ఏ అధికారి అయినా బడిలోకి రాగానే పాఠం దగ్గరికి కాదు, పొయ్యి దగ్గరికి పోతున్నాడు. ఈయనా అట్లాగే పోయాడు. ఆయనా, నా వాసనా ఒకేసారి షెడ్డులోకి అడుగుపెట్టారు. అక్కడ మా వంటామె గుడ్లు ఒలుస్తోంది.

ఇంకేం కావాలి. ఆయన జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. వెంట వచ్చినతను ఫోను తీసి గుడ్లను, గిన్నెను, ఆమె మొహాన్ని ఫోటోలు తీశాడు. పెద్దసారు వాసన చూడాలన్న ఆలోచన కూడా లేకుండా, “అవ్ సార్, వాసనొస్తున్నది” అన్నాడు. పైవాడి ముక్కు ఒప్పుకున్నాక ఈయన ముక్కుతో పనేముంది.

“గుడ్లు మంచిగున్నయి సార్. పొద్దుగాల నీళ్ళల్ల ఏసి చూసిన, ఒక్కటి తేలలె” అంది ఆమె. ఒక గుడ్డును రెండుగా విరిచి అరచేతిలో పెట్టి ముందుకు చాపింది. “ఇగో, మీరే చూడుండ్రి.”

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. పచ్చసొన పచ్చగానే ఉంది, తెల్లసొన తెల్లగానే ఉంది. ఆ గుడ్డును ముక్కు దగ్గరికి తీసుకుని చూడాలన్న ఊహ అంత చదువుకున్న మనుషుల్లో ఒక్కరికీ కలగలేదు. ఆయన అటెండరుకు సైగ చేశాడు. గిన్నె మొత్తం తీసుకెళ్ళి చెత్త గుంటలో బోర్లించారు. కంచాలు పట్టుకుని వరండాలో కూర్చున్న చిన్నపిల్లలు అటే చూస్తున్నారు.

అరుపులు విని నేను బయటికి వచ్చేసరికి అంతా అయిపోయింది. సంగతి అర్థమైంది. ఆ వాసన నా ప్రయోగానిది సార్, గుడ్లది కాదండి అని పరిగెత్తుకుంటూ పోయి చెప్పాను.

ఆయన నవ్వాడు. మంచి మర్యాదగల నవ్వు. “మేడం, స్టాఫ్ అంతా కలిసిమెలిసి ఉండాలె, కరెక్టే. కానీ గిసుంటి విషయంల కాపాడొద్దు.”

“కాపాడటం కాదు సార్, చూపిస్తాను” అన్నాను.

చూపించడానికి ఏమీ మిగల్లేదు. అంతకు ముందు ఎన్నడూ పిల్లలు టెస్ట్ ట్యూబులు కడిగి ఎరగరు, ఎన్నిసార్లు మొత్తుకున్నా సరే. ఆ రోజు మాత్రం పై అధికారి వచ్చాడని ఎవరూ చెప్పకుండానే తళతళలాడేట్టు కడిగి బోర్లించారు. క్రమశిక్షణ అంటే అట్లా ఉండాలి.

సరే, మళ్ళీ చేస్తానన్నాను. పొడి ఇంకా ఉంది. ఆయన కుర్చీలో కూర్చున్నాడు, పెద్దసారు పక్కన నిలబడ్డాడు, వంటామె తలుపు దగ్గర చీర చెంగు నడుముకు దోపుకుని నిలబడింది. ఎవరినీ చూడటం లేదు, నా చేతినే చూస్తోంది. స్పిరిట్ దీపం అడుగంటి, మంట నీలంగా సన్నగా వణుకుతోంది. ఆయన గడియారం చూసుకున్నాడు. మణుగూరులో ఇంకో బడి ఉందన్నాడు. ఇంకెంతసేపు మేడం అన్నాడు. కాసేపాగి మళ్ళీ అదే మాట. ట్యూబులో గంధకం కరిగింది, అడుగున ముదురు రంగు వచ్చింది. ఎర్రగా కణకణలాడటం మాత్రం రాలేదు. ఆయన లేవబోయాడు. నేను దీపం పక్కకు జరిపి, చల్లారీ చల్లారకముందే యాసిడ్ పోశాను.

బుడగలు వచ్చాయి. గది నిండా కుళ్ళు కంపు కొట్టాలని జన్మలో ఎవరూ మొక్కుకుని ఉండరు, నేను మొక్కుకున్నాను.

కంపు రాలేదు. కాల్చిన అగ్గిపుల్ల వాసన మాత్రం వచ్చింది. సాయం చేద్దామనుకున్నాడో ఏమో, పెద్దసారు అగ్గిపుల్ల గీసి ట్యూబు మూతి దగ్గర పెట్టాడు. టప్‌మంది.

“ఇది టపాకుల వాసన మేడం” అన్నాడు అధికారి. “కుళ్ళిన గుడ్డు వాసన నాకు తెల్వదా?”

“ఇది సరిగ్గా కాలలేదండి. ఇంకా మిశ్రమంగానే ఉంది. అందుకే హైడ్రోజనే వచ్చింది. బాగా కాలితేనే ఆ వాసన వస్తుంది” అన్నాను. నిజం చెబుతున్నాను, కానీ వింటే నాకే అది దొంగ సాకులా వినిపించింది.

“అంటే మీ ప్రయోగానికి గుడ్డు వాసన రాదు. గుడ్లకు వస్తది. అంతే గదా?” అన్నాడాయన. వాదనలో ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. “ఆక్టివిటీ మాత్రం బాగుంది మేడం. పిల్లలకు ఇసుంటియే కావాలె.”

ఆమెను పనిలోంచి ఆపమని, విచారణ చేయమని పెద్దసారుకు చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె షెడ్డులోకి పోయి, మండుతున్న పొయ్యిలో బిందెడు నీళ్ళు గుమ్మరించి, చెప్పులు తొడుక్కుని గూడెం వైపు నడిచింది. ఆ నోటి నుంచి ఒక్క తిట్టు రాకపోవడం నాకు తిట్టినదానికంటే ఎక్కువ బాధ పెట్టింది. ఆ రోజు పిల్లలు ఉత్త పప్పుతో తిన్నారు.

మిగిలిన పొడిలో కొంచెం ఆ సాయంత్రం ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద కాల్చాను. బుద్ధిగా ఎర్రబడింది, చల్లారాక యాసిడ్ పోస్తే ఇల్లంతా కుళ్ళు కంపు. పక్క వాటా ఆవిడ వచ్చి ఫ్రిజ్ పాడైందా అని అడిగింది. అధికారి ముందు వెయ్యాల్సిన వేషం ఇంట్లో వేసింది ఆ గంధకం. నాకు ఎంత కోపం వచ్చిందంటే ఆ గిన్నెనూ పటకారునూ బయట పారేశాను.

పెద్దసారు విచారణ కుర్చీలోంచి లేవకుండానే పూర్తి చేశాడు. వారం తిరక్కముందే ఆమెను మళ్ళీ పిలిపించాడు. న్యాయం గుర్తుకొచ్చి కాదు. ఆ పొగలో, ఆ జీతానికి వండటానికి ఇంకో మనిషి దొరకలేదు. ఆమె వచ్చింది. పని అయితే వచ్చిందిగానీ పేరు రాలేదు. వెంట వచ్చినతను తీసిన ఫోటోలు అప్పటికే ఊళ్ళన్నీ తిరిగాయి. ఏ ఫోనులో చూసినా గుడ్ల గిన్నె, దాని వెనక ఆమె మొహం. కింద రకరకాల రాతలు, ఒకదాంట్లో పురుగులు కూడా వచ్చి చేరాయి. ఉన్న గుడ్డుకు లేని పురుగును చూడగల కళ్ళు మనవాళ్ళవి.

పిల్లలు ఇంటి నుంచి టిఫిను డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. గుడ్డు రోజున తొమ్మిదో తరగతి ఒక్కటే కంచాలు చాపింది. ఆ వాసన చేసింది తామేనని వాళ్ళకు తెలుసు. మిగతా పిల్లలు “మా అమ్మ వద్దన్నది” అని తల దించుకుని జరిగిపోయారు.

కొత్తల పండుగ దగ్గర పడింది. ఒక రోజు బెల్లు కొట్టాక ఆమె నా గది ముందు నిలబడింది.

“పండుగకు నన్ను వండద్దన్నరు మేడం” అంది. “ఇంకొకామెను పిలిచిన్రు. మీ వాసనకు నా పేరు పెట్టిన్రు.”

నేను వచ్చి చెబుతానన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, “జెప్తే ఏమైతది? ఆ రోజు సారుకు జెప్పిన్రు గదా” అంది. జవాబు కోసం ఆగలేదు కూడా.

ఆ ఆదివారం నేను టెస్ట్ ట్యూబులు, పొడి, యాసిడ్ సీసా చేతిసంచిలో వేసుకుని గూడెం పోయాను. నా డిగ్రీలో ఎక్కడా ఇట్లా ఇంటింటికీ తిరిగి కంపు చూపించాల్సి వస్తుందని రాసి లేదు. గూడెం పెద్దమనిషి ఇంటి ముందు చెప్పాను సంగతి. ఆయన చుట్ట ఆర్పి, జనాన్ని కేకేశాడు. వంటామె ఇల్లు ఆ పక్కనే. రమ్మని కబురు చేస్తే రాలేదు. “నా గుడ్లకు నేను సాచ్చెం జెప్పుకోవాల్నా?” అని లోపలి నుంచే అన్నది, అందరికీ వినబడేట్టు.

ఈసారి స్పిరిట్ దీపం జోలికి పోలేదు. ఆ వాకిట్లో కట్టెల పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పప్పుకుండ దింపించాను. ముందు పచ్చి పొడి మీద యాసిడ్ పోసి, వాసన చూడమని ట్యూబు అందరి ముందూ తిప్పాను. ఏ వాసనా లేదన్నారు. అగ్గిపుల్ల పెడితే టప్‌మంది, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంకో ట్యూబులో అదే పొడి పోసి పటకారుతో నిప్పుల మధ్య పట్టుకున్నాను. కాసేపటికి పొడి అడుగు నుంచి ఎర్రగా అంటుకుని, ఆ ఎరుపు మెల్లగా పైకి పాకింది. నిప్పులోంచి బయటికి తీసినా ఆ ఎరుపు ఆగలేదు. తర్వాత తీరిగ్గా చల్లారనిచ్చాను. గడియారం చూసుకునేవాళ్ళు అక్కడెవరూ లేరు. యాసిడ్ పోశాను.

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని లేచారు. ఒక ముసలామె నన్ను తన భాషలో ఏదో అన్నది, అందరూ పగలబడి నవ్వారు. పెద్దమనిషి దాన్ని నాకు తెలుగులో చెప్పడానికి ఇష్టపడలేదు. ఆ మాటకు బదులు ఇంకో మాట అడిగాడు.

“పంతులమ్మా, గింత కంపొస్తదని నీకు ముందుగాల ఎరుకే గదా?”

“ఎరుకేనండి.”

“మరి పోరగాండ్లు బువ్వ తినే కాడ ఎందుకు జేసినవ్?”

సిలబస్‌లో ఉందని చెప్పాను. ఆయన తల ఊపాడు. “సర్కారు పనా” అన్నాడు జాలిగా.

కంపు గుడ్లది కాదని ఆ గూడెం ఒప్పుకుంది. పెద్దమనిషి పేరు పేరునా అడిగి మరీ ఒప్పించాడు. నేను గెలిచాననుకున్నాను. అంతలో ఆయన మెల్లగా, “మేం చూసినం తల్లీ. పండుగకు నాలుగు గూడేలోళ్ళు వస్తరు, వాళ్ళు చూడలే. అండ్ల ఒక్కడు ముద్ద దించి లేసిపోయినా ఆమెకే తప్పు. ఈ ఏడు ఆగనీ” అన్నాడు.

తర్వాతి ఆదివారాలు మిగతా గూడేలు కూడా తిరిగాను. నేను వస్తుంటే పిల్లలు ముందు పరిగెత్తి, కంపు మేడం వచ్చిందని చాటేవాళ్ళు. కొందరు చూసి నమ్మారు. కొందరు చూసి, అది మందు మాయ అన్నారు. కొందరు, అంతా నిజమేగానీ ఆ ఫోటోలో గుడ్లు నల్లగా ఉన్నాయి కదా అన్నారు. ఫోనులో ఉన్న గుడ్డు ముందు టెస్ట్ ట్యూబులో ఉన్న నిజం ఎంత? పండుగ జరిగిపోయింది. ఇంకొకామె వండింది. అన్నం మాడిందని విన్నాను, నాకు సంతోషమేసింది. అది మంచి బుద్ధి కాదు, అయినా వేసింది.

పండుగ అయిపోయిన రెండు మూడు రోజులకు, బడి వదిలాక, వంటామె ప్రయోగశాల తలుపు దగ్గరికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ ఆ గుమ్మం తొక్కలేదు. లోపలికి వచ్చి విరిగిన బెంచీల మధ్య నిలబడి, బల్ల మీద ఉన్న సీసాలన్నీ ఒకసారి చూసింది.

“అది నాకు నేర్పుండ్రి మేడం” అంది.

“ఏదక్కా?”

“అదే, మీ కంపు.”

ఎగతాళి చేస్తోందేమో అనుకున్నాను. ఆమె మొహంలో ఎగతాళి లేదు.

“మీరు రేపో మాపో బదిలీ మీద పోతరు. వచ్చినోళ్ళందరు పోయిన్రు గదా. ఆ మాట ఈడనే ఉంటది, నాతోని. రేపు నా బిడ్డ అత్తగారింట్ల అంటరు, ఎల్లుండి నా మనుమరాలిని అంటరు. అప్పుడు మిమ్మల్ని యాడికెల్లి తెచ్చుకోవాలె? ఎవరన్న అంటే వాని ముందట నేనే చేసి చూపిస్త.”

ఆ వయసులో ఆ మనిషి, తను చేయని తప్పుకు రుజువు చూపించడం జీవితాంతం చేయాల్సిన పనిగా నేర్చుకోవడానికి వచ్చింది. నా కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, బీరువా వైపు తిరిగి డబ్బా వెతుకుతున్నట్టు నిలబడ్డాను.

తర్వాత నేర్పాను. మిశ్రమం, సమ్మేళనం అన్న మాటలు ఆమెకు అక్కర్లేదంది. ఏది ఎంత పోయాలో చూపిస్తే చాలంది. యాసిడ్‌ను నీళ్ళలో పోయాలిగానీ నీళ్ళను యాసిడ్‌లో పోయకూడదని చెబితే, ఎందుకని అడిగింది, చెప్పాను. షెడ్డులో పొయ్యి దగ్గర పొడి తనే కాల్చింది. ఎరుపు పైదాకా పాకేవరకు పటకారు కదపలేదు. చల్లారాక నూరింది. యాసిడ్ తనే పోసింది. ముక్కు దగ్గర పెట్టుకోకుండా చేత్తో గాలి ఇటు విసురుకొమ్మన్నాను.

ఆమె విసురుకుంది. ఒక్కసారి మొహం పక్కకు తిప్పుకుంది. మళ్ళీ విసురుకుని, ఈసారి తిప్పుకోకుండా పీల్చింది.

“ఆ రోజు పొయ్యి పొగల నాకేం తెల్వలె” అంది. “ఇదేనా మేడం?”

“ఇదే అక్కా.”

ట్యూబును స్టాండులో పెట్టింది. చేతులు చెంగుకు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. అధికారి మాట ఆమె ఎత్తలేదు. ఆయన ఒక్క పూట వచ్చిన మనిషి.

“ఇన్నేండ్లు నా చేతి బువ్వ తిన్నోళ్ళు” అంది, “ఇది నా వంట అనుకున్నరా?”

అనుకున్నారు అన్నాను.